మేనల్లుడి మొలకి దూడ గంట

ఒక్క మధ్యాహ్నంలో నేను పండుగ భోజనం చెడగొట్టాను, పర్ణశాల కప్పుని ఆవుకి మేత చేశాను, కాలనీలో నాలుగు లైన్ల ఆడవాళ్ళకి ఏడాదికి సరిపడా నవ్వు పంచాను. చివరికి సెక్యూరిటీ గార్డు నన్ను తెచ్చి మా అత్తగారికి అప్పజెప్పి వెళ్ళాడు. ఇదంతా మంచి ఉద్దేశంతోనే చేశాను సుమండీ. చెడ్డ ఉద్దేశంతో చేసుంటే ఇందులో సగం కూడా జరిగేది కాదు.

ముందు మా సంగతి చెప్పాలి. నా పేరు ఎస్తేరు, పుట్టిల్లు బాపట్ల వైపు. మేం తెలుగు యూదులం. ఆ మాట వినగానే మీరు కనుబొమలెత్తారని నాకు తెలుసు, ఇప్పుడు మేముంటున్న ఛత్తీస్‌గఢ్ బచేలీలోనూ అందరూ అలాగే ఎత్తారు. శనివారం పొయ్యి ముట్టించం, పస్కా పండుగకి పులియని రొట్టె తింటాం, గోంగూర పచ్చడి మాత్రం మీరు తిన్నట్టే తింటాం. మా ఆయన ఇక్కడి ఇనుప గనిలో డంపర్లు రిపేరు చేస్తాడు. పెళ్ళయ్యాక నేనూ వచ్చి కంపెనీ క్వార్టర్లో పడ్డాను.

ఆ క్వార్టర్లున్నాయే, వాటికి దణ్ణం పెట్టాలి. అన్నీ ఒకే పసుపు రంగు, ఒకే గేటు, ఒకే మెట్లు, అన్నిటి మీదా ఒకే ఎర్రదుమ్ము. కాపురానికొచ్చిన వారంలోనే నేను వంకాయ కూర గిన్నెతో పక్క లైన్లో ఒరియా వాళ్ళ వంటింట్లోకి తిన్నగా నడిచి వెళ్ళి, గట్టు మీద పెట్టి, "అత్తయ్యా, ఉప్పు సరిపోయిందేమో చూడండి" అన్నాను. ఆవిడ పాపం చూసింది కూడా. ఆ రోజునుంచీ మా అత్తగారు నాకొక గుర్తు నేర్పారు. గుమ్మం ముందు నీలం డ్రమ్ము ఉన్నదే మనిల్లు, డ్రమ్ము చూసుకుని లోపలికి రా అని. నాకు ఇంటి నంబరు నేర్చుకునే అవసరం కూడా లేకుండా పోయింది.

ఇక మా మేనల్లుడు సమ్సోను. మా ఆయన అక్క రూతు వదిన కొడుకు, అప్పటికి రెండేళ్ళవాడు. వదిన వాళ్ళుండేది పక్కనే కిరందుల్లో. పేరు పెట్టేటప్పుడు పెద్దవాళ్ళు కాస్త ఆలోచించుకోవాల్సింది. వాడికి నడక రాలేదు, తిన్నగా పరుగే వచ్చింది. ఆ ఏడు పస్కా భోజనానికి అందరం మా ఇంట్లోనే కలిశాం. భోజనమయ్యాక ఏలీయా ప్రవక్త వస్తాడని వీధి తలుపు తీసిపెట్టడం మా ఆచారం. మామయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చదువుతున్నారు, నేను భక్తిగా తలుపు తీశాను. ప్రవక్త లోపలికి రాలేదు కానీ మా సమ్సోను బయటికి పోయాడు. అరగంట తర్వాత మూడిళ్ళవతల ఛత్తీస్‌గఢీ వాళ్ళ మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటూ దొరికాడు.

అప్పటినుంచీ రూతు వదిన ఏ పండుగలోనూ కూర్చుని తిన్నది లేదు. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో వాడి చొక్కా. "వీడు పుట్టాక కూర వేడిగా తిన్నదే లేదు, రెండేళ్ళయిందే ఎస్తేరూ" అంది ఒకసారి. నవ్వుతూనే అంది గానీ, నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది.

అక్టోబరులో పర్ణశాలల పండుగ వచ్చింది. మేం దాన్ని గుడిసె పండుగ అంటాం. పెరట్లో పందిరి గుడిసె వేసి, పైన పచ్చి ఆకులు కప్పి, ఆకుల సందుల్లోంచి ఆకాశం కనబడేలా చూసి, అందులోనే భోంచెయ్యాలి. మా గుడిసెకి నాలుగు వెదురు గుంజలు, మూడువైపులా పాత చీరలు, పైన లేత వెదురు రెబ్బలు. గాలికి ఒక గుంజ ఊగుతుంటే మా ఆయన వీధిలోంచి నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చి దానికి ఆనించాడు. ఆ డ్రమ్ముని కాస్త గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

మా అత్తగారు గుడిసె చుట్టూ ఓసారి తిరిగి బుగ్గ నొక్కుకున్నారు. "తలుపున్న ఇంట్లోంచే పోయినవాడు తలుపు లేని గుడిసెలో ఉంటాడా" అని ఆవిడ బాధ. పైగా కిరందుల్ నుంచి మరో కుటుంబం, వాళ్ళ ఏడాదిన్నర కవలలు కూడా వస్తున్నారు. అప్పుడు అన్నాను, అనకూడని మాట.

"వదిన నిశ్చింతగా కూర్చుని తింటుంది అత్తయ్యా. పిల్లల పూచీ నాది."

అత్తగారు నా వైపు చూసిన చూపులో వంకాయ కూర గిన్నె స్పష్టంగా కనబడింది. అయినా సరేనన్నారు.

నాకంత ధీమా ఎక్కడిదంటే, ఆ ముందు వారం సంతలో నాకొక ఉపాయం దొరికింది. ఇక్కడ పశువులకి చెక్క గంటలు కడతారు. గుల్లగా తొలిచిన చెక్క, లోపల రెండు పుల్లలు, పశువు కదిలితే టొక్ టొక్ మని మోగుతుంది. అడవిలో ఎంత దూరం పోయినా చప్పుడు పట్టుకుని వెళ్ళిపోవచ్చట. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు తర్జనభర్జన పడ్డాయి గానీ, పిల్లాడికి కట్టడానికి నేను లేనూ అనుకున్నాను. చిన్న గంటలు మూడు ఏరుతుంటే అమ్మే ముసలాయన ఎన్ని దూడలని అడిగాడు. మూడన్నాను. పొడుస్తాయా అన్నాడు. ఒకటి కరుస్తుందన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

పండుగనాడు మేం బండెక్కం, ఫోను ముట్టం, గట్టి ముడులు కూడా వెయ్యం. అందుకని చుట్టాలంతా ముందురోజే దిగారు, నేనూ ముందురోజే ముగ్గురి మొలతాళ్ళకీ గంటలు కట్టేశాను. పడుకుని దొర్లినప్పుడల్లా ముగ్గురూ మోగారు. పొద్దున్నే అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. "పశువుల పాకలో పడుకున్నట్టుంది" అన్నారు మామయ్యగారు. గొప్ప ఆలోచనలకి మొదట్లో ఆదరణ ఉండదు కదా, నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం గుడిసెలో పీటబల్ల చుట్టూ చాపల మీద కూర్చున్నాం. రూతు వదిన రెండేళ్ళ తర్వాత రెండు కాళ్ళూ మడుచుకుని విస్తరి ముందు కూర్చుంది. పులిహోర, గుమ్మడికాయ పులుసు, కోడికూర. నేను పిల్లల వైపు తిరిగి కూడా చూడలేదు. చూడ్డమెందుకు, వినబడుతుంటే? కుళాయి దగ్గర టొక్ టొక్, చీర వెనక టొక్ టొక్, గట్టు పక్కన టొక్ టొక్. "చూశారా అత్తయ్యా, చెవులుంటే చాలు, కళ్ళతో పనే లేదు" అని ఉపన్యాసం మొదలుపెట్టి రెండోసారి పులిహోర వేయించుకున్నాను. వదిన కోడికూర పొగలు కక్కుతుండగా తింటోంది. ఆమె మొహం చూస్తే నాకు కడుపు నిండింది. నిండినా మూడోసారి వేయించుకున్నాను.

కాసేపటికి నాలుగో గంట వినబడింది. నేను కట్టింది మూడు. ఎవరికైనా అప్పుడు అనుమానం రావాలి. నాకు రాలేదు, ఒకటి ఎక్కువైతే మనకే కదా లాభం అనుకున్నాను.

తర్వాత ఐదోది వినబడింది. ఆ వెంటనే పులిహోర మీద ఎండ పడింది. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనబడాలన్నది నియమమే గానీ అంత ఆకాశం కనబడాలని ఎక్కడా లేదు. తలెత్తితే కప్పు మూల మా వెదురు రెబ్బలు కరకర నములుతూ ఒక ఎర్రావు మొహం. పక్కన చీర తొలగించుకుని ఇంకో మొహం. ఇద్దరి మెడల్లోనూ నా ఉపాయం వేలాడుతోంది.

అందరం ఒక్కసారి లేచాం. కవలలు కుళాయి దగ్గర బురదలో ఉన్నారు, ఉన్నచోటే మోగుతున్నారు. సమ్సోను లేడు. వదిన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకంటే నాలుగు తిట్టినా బాగుండేది. పెరటి గోడ కూలిన చోట దాటితే చెట్లు, ఆ చెట్ల అవతల వాగు. అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది అదే.

సరిగ్గా అప్పుడే గోడ అవతలనుంచి టొక్ టొక్ వినబడింది, దూరంగా పోతూ. "అదిగో, వాడే" అన్నాను. అత్తగారు ఆగు ఆగు, ముందు ఇక్కడ చూద్దాం అంటూనే ఉన్నారు. నేను పట్టుచీర ఎగదోపి గోడ దూకేశాను.

గంట ముందు, నేను వెనక. నేను పరిగెత్తితే అది దూరమవుతుంది, నిలబడితే అదీ నిలబడుతుంది. కాళ్ళకి చెప్పుల్లేవు. ముళ్ళు గుచ్చుకున్నాయి, కొంగు ఒక కొమ్మకి సగం అర్పించుకున్నాను. వాగు చప్పుడు వినబడింది. దేవుడా, వాణ్ణి దొరకనియ్యి, ఇంక జన్మలో గొప్పలు పోను అని మొక్కుకున్నాను. నిజంగానే మొక్కుకున్నాను, అక్కడ నవ్వులాట లేదు.

పొద చాటున దొరికింది. గోధుమరంగు దూడ. నన్ను చూసి తోకాడించింది.

దాని వెనకే ఆకులు కుట్టుకుంటూ బుధ్రి కూర్చునుంది. మా లైన్లలో ఆకు దొన్నెలు అమ్మే మనిషి, ఆ ఆవులూ ఆమెవే. తెలుగూ హిందీ, ఇక్కడి హల్బీ భాషా కలిపి మాట్లాడుతుంది. ఏడుస్తూ, రొప్పుతూ నా కథంతా చెప్పాను. పిల్లాడెవరూ ఇటు రాలేదు, వాగు దారిలో పొద్దుటినుంచీ నేనే ఉన్నానంది. ఆ మాటతో నాకు సగం ప్రాణం లేచొచ్చింది. గంట కట్టిన సంగతి విని మాత్రం కుట్టడం ఆపేసింది.

"గంట కట్టినా నా పశువుల వెనక నేనుంటా కదా బహూ. నీ బిడ్డ వెనక ఎవరున్నారు?"

మూడోసారి పులిహోర వేయించుకుంటున్నానని చెప్పలేను కదా.

వాగు వైపు రాలేదంటే వాడు కాలనీలోనే ఉండాలి. బుధ్రి చూపించిన అడ్డదారిలో పరిగెత్తి కాలనీలో పడ్డాను. పడ్డాక చూస్తే అన్నీ పసుపు ఇళ్ళే. నీలం డ్రమ్ము కోసం ఒక లైనంతా చూశాను, రెండో లైనూ చూశాను. ఎక్కడా డ్రమ్ము లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది పెరట్లో గుంజకి ఆనుకుని ఉందని. ఇంటి నంబరు తెలీదు. ఫోను ఇంట్లో బీరువాలో ఉంది. నడిరోడ్డు మీద కూలబడి ఏడవడం తప్ప నాకు తోచలేదు.

గార్డు సైకిలాపాడు. హిందీలో నంబరడిగాడు, తెలీదన్నాను. గుర్తేమిటన్నాడు, ఆవు కప్పు తినేసిన ఇల్లన్నాను. అతను నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. బురద కాళ్ళు, చిరిగిన కొంగు, జుట్టులో ఆకులు. ఏమనుకున్నాడో గానీ సైకిలు నడిపించుకుంటూ లైను లైనుకీ తిప్పాడు. ప్రతి గేటు దగ్గరా ఆగి, "యే బహూ కిస్‌కీ హై?" అని కేక. ఈ కోడలు ఎవరిదండీ అని. ఆడవాళ్ళంతా బయటికొచ్చి నిలబడ్డారు. వంకాయ కూర ఒరియా ఆవిడ కూడా నిలబడింది. ఆవిడే వేలెత్తి మా లైను చూపించింది.

మలుపు తిరిగేసరికి ఎదురుగా రూతు వదిన. రెండిళ్ళవతల గేట్లు తట్టుకుంటూ, కంగారుగా ఏదో అడుగుతూ వస్తోంది. ఆమె చంకలో సమ్సోను.

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడం అని సామెత విన్నారు కదా. నేను కళ్ళారా చూశాను. తేడా ఒక్కటే, ఆమె వెతుకుతున్నది బిడ్డ కోసం కాదు, నా కోసం.

వాడు ఎక్కడికీ పోలేదు. పీటబల్ల కింద దూరి, నా కాళ్ళ పక్కనే పడుకుని నిద్రపోయాడు. నిద్రపోయేవాడి గంట మోగదని నాకు తట్టలేదు. నేను గోడ దూకిన మరుక్షణం అత్తగారు వంగి చూశారట, అంతే. వదినని పట్టుకుని ఏడ్చేశాను. ఆమె కూడా ఏడుస్తూ, "పోనీలే, కూరైతే వేడిగా తిన్నాను" అంది. సమ్సోను నా జుట్టులోంచి ఒక ఆకు పీకి నోట్లో పెట్టుకున్నాడు.

గుమ్మంలో గార్డు మా అత్తగారిని, ఈమె మీ మనిషేనా అని అడిగాడు. ఆవిడ వెంటనే అవునంటే బాగుండేది. కాసేపు ఆలోచించి ఔనన్నారు. తర్వాత నాతో మెల్లగా అన్నారు.

"మూడు కొన్నావు గానీ, నాలుగోది కొనాల్సిందే ఎస్తేరూ."

ఇది జరిగి ఐదేళ్ళయింది. ఇప్పుడు సమ్సోను ఏడేళ్ళవాడు. గుడిసె వేసే రోజు వాడి పాత గంటని ముందుగా తెచ్చి నేను కూర్చునే చోట గుంజకి కట్టేది వాడే. పోయిన పండుగలో నేను నీళ్ళ కోసం లేవబోతే కొంగు పట్టుకుని, "అత్తా, ఎక్కడికెళ్తున్నావో చెప్పి వెళ్ళు" అన్నాడు.

అందుచేత, ఆకుల సందుల్లో కనబడే ఆకాశం సాక్షిగా, ఆ కప్పు తిన్న ఎర్రావు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ పిల్లాడికీ గంట కట్టను. గంటలు లెక్కపెడుతూ పులిహోర తినను. పండుగలో ఎవరు తప్పిపోయినా ముందు బల్ల కిందికి వంగి చూస్తాను. నా ఇంటి నంబరు కంఠతా పట్టాను, అడిగితే నిద్దట్లో కూడా చెబుతాను. మీలో ఎవరికైనా గేటు దగ్గర నేను ఏడుస్తూ కనబడితే దయచేసి సమ్సోనుకి కబురు పెట్టండి, వాడు వచ్చి తీసుకెళ్తాడు.