బ్యాటరీ గరాటు, కొత్తావకాయ

మొన్న ఆదివారం నా మూలంగా మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు, అన్నం ముద్ద చేత్తో పట్టుకుని కొయ్యబొమ్మలా ఉండిపోయారు. మా అత్తగారు నాతో మాట్లాడ్డం మానేశారు. ఇదంతా ఒక బ్యాటరీ కోసం అంటే నమ్ముతారా? ముందు ఆ టీ తాగేయండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

నా సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ మీకు తెలుసుగా. దాని పాత బ్యాటరీని చంపింది నేనే. డిస్టిల్డ్ వాటర్ అయిపోతే, నీళ్ళే కదా అని బోరింగు నీళ్ళు పోశాను. నెల తిరిగేసరికి హారన్ కొడితే పిల్లి తుమ్మినట్టు వినిపించేది. అందుకని ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. కొత్త బ్యాటరీని శాస్త్ర ప్రకారం ఎంచి తెస్తాను, శాస్త్ర ప్రకారం చూసుకుంటాను!

నూజివీడులో షాపుకి వెళ్ళాను. "ఆరు వోల్టులది ఇవ్వండి. ఆసిడ్ పోసి అలమార్లో ఎన్నాళ్ళుగానో కూర్చోబెట్టింది వద్దు. పొడి బ్యాటరీ ఇవ్వండి, ఆసిడ్ విడిగా ఇవ్వండి," అన్నాను.

"మేమే పోసి, చార్జింగ్ పెట్టి రేపు ఇస్తామండి మాస్టారూ," అన్నాడతను.

"చూడు బాబూ, ఆమ్లాలూ క్షారాలూ ఏడో తరగతికి చెప్పేది నేనే!"

ఇంకేమంటాడు? ఆసిడ్ డబ్బా కట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు ఉంగుటూరు నించి దిగి ఉన్నారు. వాళ్ళ వైపంతా వరిచేలు. ఆవకాయ పెట్టాలంటే ఏటా మా ఆగిరిపల్లి తోటల వైపు రావాల్సిందే. ఆవపిండి, కారం, పప్పునూనె డబ్బా అన్నీ మోసుకొస్తారు. వంటింట్లో ఆవిడా, మా ఆవిడ కరుణా కాయలు తుడుస్తుంటే, నేను మెల్లగా తెల్ల ప్లాస్టిక్ గరాటు పట్టుకుని వరండాలోకి వచ్చేశాను. బ్యాటరీ ఒక్కో కన్నంలో గరాటు పెట్టి, గీత దాకా ఆసిడ్ పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు! ఆ సంబరంలో గరాటు కిటికీ గట్టు మీద పెట్టాను. తర్వాత కడుగుదాంలే అనుకున్నాను.

ఆ తర్వాత అన్నది రాలేదు.

మర్నాడు పొద్దున్నే బ్యాటరీ పట్టుకుని ఆగిరిపల్లిలో చార్జింగ్ షాపుకి పోయాను. "నెమ్మదిగా ఎక్కించు బాబూ. తొలి చార్జింగే దాని ఆయుష్షు," అని చెప్పి, ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చున్నట్టు సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను. ఆ రోజే ఇంట్లో ఆవకాయ కలిపారు.

అక్కణ్ణించి దాని వైభోగం చూడాలి! టెర్మినల్స్‌కి వాజిలిన్ రాశాను. ఎండలో బండి ఆపితే బ్యాటరీకి వేడి తగులుతుందని నీడ వెతికేవాణ్ణి. ఇంటికి రాగానే వైర్లు ఊడదీసి, దాన్ని లోపలికి తెచ్చి పీట మీద పెట్టేవాణ్ణి.

"దుప్పటి కూడా కప్పండి, పాపం చలేస్తుంది," అంది కరుణ. రోహిణీ కార్తె ఎండల్లో!

దుప్పటి కప్పలేదు. తువ్వాలు కప్పాను.

ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఒక పద్ధతుంది. తొలి పంట, తొలి కాయ, తొలి జాడీ అయ్యగారింటికి వెళ్ళాలి. ఆ తర్వాతే ఎవరైనా నోట్లో పెట్టుకునేది. ఆవేళ ప్రసంగం కూడా ప్రథమ ఫలాల మీదే పడింది. "మిగిలింది తేవడం కాదమ్మా, మొదటిది తేవాలి!" అని అయ్యగారంటుంటే, ముందు వరసలో మా అత్తగారు అందరికంటే గట్టిగా తలూపారు. ఆరాధన అవగానే తెల్లగుడ్డ వాసెన కట్టిన చిన్న జాడీ పట్టుకుని, వడ్డించి వస్తానంటూ అయ్యగారింటికి వెళ్ళారు. మేమిద్దరం ఇంటికొచ్చాం.

కరుణ దండెం మీది వంటింటి తువ్వాలు తీసి వెలుగులో పట్టుకుంది.

"ఇదేంటండీ, కొత్త తువ్వాలు! ఒక్కసారి ఉతికేసరికి ఎలకలు కొట్టినట్టు కన్నాలు పడ్డాయి."

నవ్వుతూ దగ్గరికెళ్ళాను. కన్నాలు చూశాను. నవ్వు ఆగింది. ఎలకలు అంత చక్కగా, గుండ్రంగా కొట్టవు. ఆసిడ్ చుక్కలైతే కొడతాయి.

"దీంతో ఏం తుడిచావు?"

"ఏముందీ, గరాటు. ఆవకాయ రోజు నూనె కొలతసీసాలోకి వంచాలంటే గరాటు కనపడక చచ్చాం. చివరికి మీ కిటికీ గట్టు మీద దొరికింది."

"కడిగావా?"

కరుణ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆవకాయకి తడి తగలనిస్తారా ఎవరైనా? బూజు పట్టిపోదూ! పొడిగా తుడిచాను."

ఆ గరాటులోంచి నూనె, నూనె లోంచి ఆవకాయ, ఆవకాయ లోంచి చిన్న జాడీ, జాడీ లోంచి అయ్యగారు!

"అయ్యగారు భోజనానికి కూర్చునుంటారా?"

"ఈపాటికి కూర్చునే ఉంటారు. ఏమైందండీ?"

చెప్పే టైము లేదు. వాకిట్లోకి దూకి బండి కిక్ కొట్టాను. లేవలేదు. మళ్ళీ కొట్టాను. చోక్ లాగి కొట్టాను. చెమటలు కారుతున్నాయి, బండిలో ఉలుకూ పలుకూ లేదు.

గుమ్మంలోంచి కరుణ అరిచింది. "ఏవండీ! బ్యాటరీ పీట మీద ఉంది!"

నేను క్లాసులో పిల్లలకి ఒక కథ చెబుతుంటాను. కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో పెట్టుకుని, వానలో తడుస్తూ నడిచిన పెద్దమనిషి కథ. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ పెద్దమనిషి ఎవరో నాకు ఆవేళ తెలిసింది.

బండి అక్కడే పడేసి పరిగెత్తాను. చర్చి తెల్లబట్టల్లో, నడినెత్తిన ఎండలో, తోటల మధ్య మట్టిరోడ్డు మీద. లారీకి కాయలు ఎత్తుతున్న వాళ్ళు బుట్టలు దించి మరీ చూశారు.

"ఏంటి మాస్టారూ, ఎవరికేమైంది?"

ఏం చెప్పను? అయ్యగారికి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ఆవకాయ కలిపిచ్చామని చెప్పనా? చెయ్యి ఊపి పరిగెత్తాను.

చెప్పులు విప్పకుండానే అయ్యగారి ఇంట్లోకి పోయాను. ఆయన కంచం ముందున్నారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, విసనకర్రతో విసురుతున్నారు. మా అత్తగారు నెయ్యి వడ్డిస్తున్నారు. కంచం నిండా ఎర్రెర్రటి ముద్దలు.

"రండి మాస్టారూ! కొత్తావకాయంటే ఇదీ! ఇది మూడోసారి కలపడం..."

"తినకండి అయ్యగారూ!"

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"అందులో... బ్యాటరీ ఆసిడ్ పడిందండి!"

అయ్యగారు ముద్ద దించారు. ఎడమచెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్ళింది. "మంటగానే ఉందండోయ్," అన్నారు నీరసంగా. "కారం అనుకున్నాను."

అమ్మగారి చేతిలో విసనకర్ర జారిపోయింది. "ప్రభువా! ఎవరైనా జీపు పిలవండి! నూజివీడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి!" అంటూ ఏడుపు అందుకున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. జీపు కోసం వీధిలోకి తిరిగాను.

అప్పుడు వెనకనించి మా అత్తగారి గొంతు, సన్నగా.

"ఆగండి అల్లుడుగారూ. అయ్యగారికి ఏమీ కాదు."

"కాదంటే ఎలా అత్తయ్యగారూ? ఆ గరాటుతోనే కదా..."

"అది కొత్తావకాయ కాదు బాబూ."

అయ్యగారు ఒక కన్ను తెరిచారు.

"కిందటేటిది. అడుగున మిగిలుంటే పైన కాస్త నూనె కాచి, గరాటు లేకుండా బాణలిలోంచే పోసి తెచ్చాను. కొత్తది మరీ ఘాటుగా ఉంటుంది, అయ్యగారికి పడదేమోనని..." అని నేతిగిన్నెలోకి చూస్తూ ఉండిపోయారు.

అయ్యగారు రెండో కన్నూ తెరిచారు. ఆవిణ్ణి చూశారు, జాడీని చూశారు. భుజాలు కదిలేలా నవ్వడం మొదలెట్టారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఆపిన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "నా ప్రసంగం మీరు వినకపోబట్టి బతికిపోయానమ్మా!"

నాకు నవ్వు రాలేదు. అత్తగారికి అసలే రాలేదు.

సాయంత్రం పెరట్లో గొయ్యి తీసి కొత్తావకాయ అంతా పూడ్చేశాం. అడుగూ బొడుగూ ఉన్న పాతది కూడా అయ్యగారింటికి పోయింది. సగం వెనక్కి తీసుకోండి అన్నారాయన. తీసుకునే మొహం ఎవరికుంది? మర్నాడు బస్సెక్కుతూ అత్తగారు నాకు వినపడేలా కరుణతో అన్నారు. "మీ ఆయన్నడుగు, ఆ బ్యాటరీ అయినా ఏడాది నిలవుంటుందేమో!"

ఉంటుందండీ. బంగారంలా ఉంది. ఒక్క కిక్కుకే బండి లేస్తోంది, హారన్ ఊరంతా వినపడుతోంది. చుట్టూ మైళ్ళకొద్దీ మామిడి తోటలు, ప్రతి ఇంట్లో ఆవకాయ ఘుమఘుమలు. మా ఇంట్లో మాత్రం ఈ ఏడాది పులుపంటూ ఉన్నది ఆ బ్యాటరీలోనే.