చెంచలి కూర పెరిగిన వరుస

ఇన్నేళ్లూ దీన్ని మోశాను. నవ్వుతూ మోశాను. అదే నా తప్పుల్లో పెద్ద తప్పేమో. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకే చెబుతున్నాను.

పెళ్లైన కొత్తలో కొండమీద కాఫీ తోటలో కలుపు తీసే పనికి వెళ్లాను. ఎవరి వరుస వాళ్లది. గుర్తుకి పాత చీర పేలిక ఒకటి వరుసలో మొదటి మొక్కకి కట్టేవాళ్లం. నాది పచ్చది, పక్క వరుస అప్పలమ్మ వదినది ఎర్రది. కాఫీ ఇంకా లేత మొక్కలు. వాటి మొదళ్లలో చెంచలి కూర మొలిచేది. తోటకి అది కలుపే. నాకు మాత్రం ఎండు రొయ్యలేసి వండితే కుండలో అన్నం చాలేది కాదు. అందుకని గడ్డంతా పీకి దాన్ని వదిలేసేదాన్ని. అది పూసి, విత్తనం రాలి, కాఫీ మొక్కల్ని కప్పేసేంత లేచింది.

ఒక పొద్దున వరుసలు చూడ్డానికి మేస్త్రి వస్తున్నాడని విని పరుగెత్తి రెండు పేలికలూ మార్చి కట్టేశాను. ఆలోచించే చేశానా? చేసే ఉంటాను. ముళ్లు గట్టిగా వేశాను కదా.

"ఏటే అప్పలమ్మా, కలుపు తీసినావా, కూరమడి ఏసినావా?" అన్నాడు మేస్త్రి.

"గుడ్డ నాదే గానీ వరస నాది కాదు బాబూ! నా వరసలో ఇంత కూరుంటే ఈపాటికి ఒండీసి తినీదాన్ని!" అంది వదిన.

అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. శుభ్రంగా ఉన్న ఆమె వరుస నాదైపోయింది. మర్నాటి నుంచి ఆమెని పనికి రావద్దన్నారు.

ఇప్పుడు ఇద్దరం గోపాలపట్నంలోనే ఉంటున్నాం. వదిన పూర్ణా మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. బేరాలు లేనప్పుడు ఆ కథ చెప్పి పక్క కొట్లవాళ్లని నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. ఆమె చెబితే నవ్వు నిజంగానే వస్తుంది, ఏం చెయ్యను? కానీ ఇన్నేళ్లుగా ఆ కథే ఎందుకు చెబుతోంది? నవ్వించడానికా, ఎవరైనా "తప్పు నీది కాదులే" అంటారనా?

ఈమధ్యే అక్షరాలు నేర్చుకున్నాను. వదినకి చదువు రాదు. ఈ రాసిందంతా నేనే చదివి వినిపించాలి. వింటే నవ్వుతుందో, నా మొహాన తోటకూర కట్ట విసురుతుందో తెలీదు. విసిరితే పడాల్సిందే. ఇప్పటికి తలుపేసుకుని ఒక్క ముక్క పైకి చదివాను.

"ఆ వరుస నాది."

అబ్బ, ఎంత బాగుందో. ఇంకోసారి చదివాను.