నీళ్ల అవ్వ జీతంతో పెట్టిన తుపాకి

మా బడికి తుపాకి వచ్చిన నెలలోనే నీళ్లు పోయాయి. రెండూ ఒకే తీర్మానంతో జరిగాయి. ఆ తీర్మానం కింద నా సంతకం కూడా ఉంది. ఇన్నేళ్లయినా ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుంది. పెరగనీ.

మాది చర్చి సంఘం నడిపే చిన్న బడి. బెళుగుప్ప వైపు పోయే రోడ్డు మీద, ఊరి చివర మూడు గదులు, ముందర రేకుల వసారా. ఐదో తరగతి దాకా ఉండేది. నేను ఆ బడిలో టీచరును, సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. తొంభైల చివరి సంవత్సరాలవి. శనక్కాయ పంట వరుసగా మూడేళ్లు పోయింది. బడి ఆవరణలోని బోరింగు ఎండిపోయింది. ఎంత కొట్టినా ఇనుము అరిచేదే తప్ప చుక్క రాలేదు.

అప్పుడు వంద మందికి పైగా పిల్లలకు నీళ్లు తెచ్చిపెట్టింది ఒక్క మనిషి. మా సంఘంలోని విధవరాలు, బడిలో ఆయా. పిల్లలు ఆమెను నీళ్ల అవ్వ అనేవాళ్లు. తోపుడుబండి మీద ఆరు బిందెలు పెట్టుకుని, ఏ రైతు బోరుకు ఏ వేళ కరెంటు వస్తుందో కనుక్కుని, ఆ వేళకు అక్కడ నిలబడేది. వసారాలో రెండు బానలు నింపి, మూతల మీద గుడ్డ కప్పేది. ఇంటర్వెల్లో వరసలో నిలబెట్టి తనే ముంచి పోసేది. మూడో తరగతిలో ఒక గొర్రెల కాపరి కూతురు ఉండేది. రెండు మైళ్ల అవతలి పల్లె నుంచి నడిచి వచ్చేది. వాళ్లింట్లో అక్షరం చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. అవ్వ మొదటి గ్లాసు ఆ పిల్లకే ఇచ్చేది. ఎవరైనా గొణిగితే, "అది నడిచొచ్చిన దోవ నువ్వు నడిచిరా పో, నీకూ ముందే పోస్తా" అనేది.

సాయంకాలం బడి వదిలేటప్పుడు గేటు దగ్గర ఉండేదీ ఆమే. ముఖం తెలియని మొగవాడు వస్తే కదలనిచ్చేది కాదు. "ఎవరప్పా నువ్వు? ఈ పిల్లకు ఏమవుతావు? వాళ్ల నాయన పేరు చెప్పు. అవ్వ పేరు చెప్పు." ఒకసారి ఒక పిల్ల సొంత చిన్నాన్ననే అరగంట నిలబెట్టి తిట్లు తిన్నది.

ఊళ్లో ఒక పెద్ద రైతు కుటుంబం ఉండేది. రాజకీయం వాళ్లదే, రోడ్డు కాంట్రాక్టులు వాళ్లవే. ఆ ఇంటి పెద్దాయన మనవడు మా బడిలో రెండో తరగతి చదివేవాడు. జీపులో, తుపాకి పట్టుకున్న మనిషి పక్కన కూర్చుని వచ్చేవాడు. బడికి ప్రహరీ గోడ కట్టించింది ఆ పెద్దాయనే. రోడ్డు వైపు ఒక్కటే కట్టించాడు, కనపడే వైపు. మిగతా మూడు వైపులా ముళ్ల కంప.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయనగా ఆయన ఎదుటి వర్గం వాళ్లు బస్టాండులో ఆయన జీపు డ్రైవరును నరికారు. మనిషి బతికాడు, కుడి చెయ్యి పోయింది. మరుసటి వారం ఆ పెద్దాయన మా బడి కమిటీకి వచ్చి కూర్చున్నాడు.

"మా పిల్లోడు మీ కాడ ఉండాడు. బడికి ఒక తుపాకి ఉండల్ల. లేదంటే రేపే టీసీ రాసియ్యండి."

"పెడతామన్నా, పెడతాం. పిల్లోని కంటే ఎక్కువా?" అన్నాడు మా సంఘ పెద్ద. బడికి కరస్పాండెంటు ఆయనే.

"జీతం మీరిస్తారా అన్నా?" అని నేను అడిగాను.

ఆ పెద్దాయన నవ్వాడు. "నా ఇంటికి నేను పెట్టుకున్నా. బడికి బడి పెట్టుకోవల్ల. గోడ కట్టించేప్పుడు నేనేమన్నా అడిగినానా తల్లీ మిమ్మల్ని?"

ఆయన వెళ్లాక అసలు మాట బయటికి వచ్చింది. కాపలా మనిషికి ఇచ్చే జీతం ఎక్కడిది? ఒకటి, నీళ్ల అవ్వ జీతం. అది చాలదు. రెండోది, కోత పండుగలో వచ్చిన కానుక. ఆ కానుక సంగతి చెప్పాలి. కరువులో కోత పండుగ అంటే ఏం తెస్తారు జనం? ఒకరు దోసెడు కొర్రలు, ఒకరు కోడిపెట్ట, ఒకరు గుమ్మడికాయ. దేవుని ముందర పెట్టి వేలం వేస్తాం. ఆ ఏడు ఆ గుమ్మడికాయ ఒక్కటే నాలుగుసార్లు వేలానికి వచ్చింది. పాడుకున్న వాళ్లు దుడ్లు కట్టి కాయను మళ్లీ బల్ల మీద పెట్టారు, ఇంకొకరు పాడుకోమని. కూలి లేని ఆడవాళ్లు అలా పాడారు. ఎందుకు? బడికి ఒక నీళ్ల తొట్టి కట్టి, ట్యాంకరు తెప్పించుకుందామని. ఆ తొట్టి కానుకను, ఆ అవ్వ జీతాన్ని కలిపి తుపాకికి ఇవ్వాలని మగవాళ్లు నలుగురు కూర్చుని తేల్చారు.

"పిల్లోళ్లు నీళ్లెట్ల తాగల్ల అన్నా?" అని అడిగాను.

"ఇంటి కాడినుంచి బాటిళ్లు తెచ్చుకుంటారు సిస్టర్. అనంతపురంలో పిల్లోళ్లంతా అట్లే తెచ్చుకుంటాండారు," అన్నాడు కరస్పాండెంటు.

"మన కాలనీలో ఇండ్లల్లోనే నీళ్లు లేవు కదన్నా."

"రేపు గేటు కాడ ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పల్ల? మీ అవ్వ బిందె అడ్డం పెడతాదా?"

అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు నవ్వలేదు గానీ, బైబిల్లో కూలిన పట్టణపు గోడ కట్టినవాళ్లు ఒక చేత పనిచేస్తూ ఒక చేత ఆయుధం పట్టారని, కావలి కూడా దేవుని పనేనని చెప్పి ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అన్నాను. పుస్తకం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాక గుర్తుకు వచ్చింది, ఆ గోడ కథ తర్వాతి అధ్యాయంలో ఏముందో. అక్కడ తిండికి బిడ్డలను తాకట్టు పెట్టిన బీదల ఏడుపు ఉంది. వాళ్ల దగ్గర వడ్డీ తిన్న పెద్దల మీద, గోడ కట్టించిన నాయకుడు మండిపడటం ఉంది. చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో కంఠతా పట్టినదాన్ని, చెప్పాల్సిన గంటలో నోరు మూసుకున్నాను.

అవ్వకు ఆ సంగతి నేనే చెప్పాను. "సంఘం చెప్పినాక ఏముండాది టీచరమ్మా," అంది. "బానలు మాత్రం బోర్లించి పెట్టండి. తేళ్లు చేరతాయి." ఆ నెల దాటకముందే బెంగళూరుకు ఇటుకలు మోయడానికి పోయింది.

కాపలా మనిషి మడకశిర వైపు నుంచి వచ్చాడు. మిలిటరీలో చేసి దిగినవాడు, కన్నడం కలిసిన మాట, ఇస్త్రీ చొక్కా, రెండు గొట్టాల తుపాకి. మంచివాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఈ కథలో నాకు కోపం లేని మగవాడు ఆయన ఒక్కడే. రోజంతా గేటు దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. పిల్లలు మొదటి వారం భయపడ్డారు, రెండో వారం తుపాకి బరువెంతని అడిగారు. ఖాళీ బానలు చూసి నాలుగో రోజే నాతో అన్నాడు.

"మేడం, ఆ బండి నేను తోసుకొని వస్తానే. కూసోని కూసోని నడుము పట్టుకున్నాది."

కరస్పాండెంటును అడిగాను. ఒప్పుకోలేదు. "తుపాకి మనిషి గేటు విడిచి కదలగూడదు. మనం జీతమిచ్చేది దేనికి?" అన్నాడు.

మరి పిల్లలు? బాటిలు ఉన్నవాళ్లు తెచ్చుకున్నారు. లేనివాళ్లు వాళ్లను అడుక్కున్నారు, కొట్టుకున్నారు, చివరికి బడి వెనకాల కంకర క్వారీ గుంతకు పోవడం నేర్చుకున్నారు. ఎప్పటివో వాన నీళ్లు, మీద పచ్చగా నాచు, గొర్రెలు దిగి తాగే నీళ్లు. కాపలా ముందర గేటుకు. పిల్లలు పోయేది వెనక కంపలోంచి. నేను ఒకరిద్దరిని పట్టుకుని బెత్తంతో కొట్టాను కూడా. దప్పికైన పిల్లను కొట్టిన చెయ్యి ఇది.

ఎన్నికలు ఇంక మూడు వారాలున్నాయనగా ఒక పొద్దున కాపలా మనిషి చేతిలో కర్ర పట్టుకుని వచ్చాడు.

"తుపాకి యాడ?" అని అడిగాను.

"స్టేషన్లో పెట్టినా మేడం. ఎలక్షన్ అయిపోయేదాకా లైసెన్సు తుపాకులన్నీ ఆడే పెట్టల్ల. ఇదో, రసీదు ఇచ్చినారు." జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. "ఎవరన్నా కత్తి పట్టుకొని వస్తే ఈ రసీదు చూపిస్తా."

"మరి లైసెన్సు లేని తుపాకులు?"

"వాటికి రసీదు యా పోలీసాయన ఇస్తాడు మేడం?"

నవ్వాడు. నేనూ నవ్వాను, తర్వాత వసారాలోకి వెళ్లి గోడకు తల ఆనించుకున్నాను. ఊళ్లో కత్తులు బయటికి వచ్చేది ఎన్నికలప్పుడే. ఏ ఎన్నికలకు భయపడి తుపాకి పెట్టారో ఆ ఎన్నికలకే ఆ తుపాకి స్టేషన్ అల్మారాలో ఉంటుందని కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. తన తుపాకులు కూడా ప్రతి ఎన్నికకూ అప్పజెప్పే ఆ పెద్దాయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసీ చెప్పలేదు.

ఆ వారమే పిల్లలకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. ఏడుగురికి. ఆరుగురు ఊళ్లో మాత్రలతోనే తేరుకున్నారు. ఆ గొర్రెల కాపరి కూతురు తేరుకోలేదు. కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలక్కుండా అయింది. వాళ్ల నాయన మందలోంచి రెండు జీవాలను అమ్మి, జీపు మాట్లాడుకుని, అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను వెంట పోయాను. మంచాలు లేక నేల మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. సీసా పట్టుకుని రాత్రంతా నిలబడింది ఆయనే. నా వైపు చూడలేదు.

పిల్ల బతికింది. తిరిగి వచ్చిన రోజే కమిటీ కూర్చుందని తెలిసి నేను నేరుగా అక్కడికి పోయాను. తుపాకి లేదు గనక, ఎన్నికలయ్యేదాకా కర్రలతో ఇంకో ఇద్దరిని పెట్టుకుందామా అన్నది మొదటి అంశం. ఆసుపత్రి నుంచి వస్తున్నానని చెప్పాను.

"దేవునికి స్తోత్రం, పిల్ల బాగైంది కదా," అన్నాడు కరస్పాండెంటు. "అది మూడో అంశంలో మాట్లాడుకుందాం సిస్టర్. కూసోండి."

నేను కూర్చోలేదు.

మా సంఘంలో ఆదివారం వాక్యానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ మాటకు అడ్డం రాకూడదు, అది మా కట్టుబాటు. ఆ ఆదివారం నేను లేచాను. ముసుగు సర్దుకుని, అందరికీ వందనాలు చెప్పి మొదలుపెట్టాను. గోడ కట్టినవాళ్ల కథలో తర్వాతి అధ్యాయం ఏమిటో చెప్పాను. మీరు నాలుగుసార్లు పాడుకున్న గుమ్మడికాయ దుడ్లు యాడికి పోయినాయో తెలుసా అని ఆడవాళ్లను అడిగాను. స్టేషన్ అల్మారాలో ఉండాది మీ నీళ్ల తొట్టి, అన్నాను. దానికి రసీదు ఉందని చెప్పాను. ఒక పిల్ల చావు ముఖం చూసొచ్చిందని, ఆ తీర్మానం మీద నా చేవ్రాలు కూడా ఉందని చెప్పాను. పాస్టరు అయ్యగారు రెండుసార్లు "హల్లెలూయా" అన్నారు, నేను ఆగుతానని. ఆగలేదు.

తర్వాత ఏమైందంటే, మా ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. సోమవారం పొద్దున్నే ఆ తోపుడుబండిని బయటికి లాగారు. రోజుకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకున్నాం. పోలింగుకు వారం ముందు ఆ పెద్దాయన తన మనవడిని బెంగళూరు హాస్టలులో వేశాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు, టీసీ కూడా అడగలేదు. ఎవరి కోసం ఇదంతా చేశారో ఆ పిల్లవాడు లేకుండానే కాపలా ఇంకో నెల సాగింది, ఒప్పుకున్న గడువని.

నేను ఆ పల్లెకు పోయాను. పిల్ల దొడ్లో గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. వాళ్ల నాయన మాత్రం లేవలేదు.

"ఇప్పుడు నీళ్లు ఉండాయప్పా. మేమే తెస్తాండాం. పంపించు."

"మీ బడి నమ్మి పంపిస్తినే టీచరమ్మా. తుపాకి కూడా పెట్టినారంటే, అబ్బో ఎంత భద్రంగా చూస్తాండారో అనుకుంటి. చాలు. ఆ జీవాలు పోయినాయి, ఉన్నవాటిని ఇది మేపుకుంటాది."

మూడుసార్లు పోయాను. మూడుసార్లూ అదే మాట. ఆ పిల్ల మళ్లీ బడి గడప తొక్కలేదు.

మాకు నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. సహోదరుని మీద కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు. అందుకని శనివారం సాయంకాలం కరస్పాండెంటు మా ఇంటికి వచ్చాడు. పాస్టరు అయ్యగారు పంపించి ఉంటారు.

"సిస్టర్, మనసులో ఏమీ పెట్టుకోవద్దు. తప్పయింటే క్షమించండి."

"నన్నెందుకు అడుగుతారన్నా? నేనూ సంతకం పెట్టినదాన్నే. ఆ పిల్ల నాయన కాడికి పోయి అడగండి. రెండు మైళ్లే. నేను తోడొస్తా, ఇప్పుడే పోదాం రండి."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

"వాళ్లు మన సంఘం కాదు కదా సిస్టర్?"

మరునాడు బల్ల పరిచారు. ఆయన మొదటి వరసలో మోకరించి, కళ్లు మూసుకుని, రొట్టె తీసుకున్నాడు. నేను చాప మీద నుంచి లేవలేదు.