తెర వెనక కూర్మారావు గారు

చీపురుపల్లి భాస్కరా టాకీస్ యజమాని కూర్మారావు గారు ఏ వస్తువునీ ముందువైపు నుంచి చూసి ఎరగరు. చీర కొనాలంటే తిరగేస్తారు. బిందె కొనాలంటే బోర్లిస్తారు. శుభలేఖ ఇస్తే వెనకవైపు చదివి, ఏ ప్రెస్సులో అచ్చయిందో తెలుసుకుని, ఆ తర్వాతే పెళ్ళికొడుకెవరని అడుగుతారు. ఆయన పెళ్ళిచూపులకని వెళ్ళి, పిల్లవైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా పెరట్లోకి నడిచి, నుయ్యీ పశువులశాలా చూసొచ్చి "సంబంధం ఖాయం" అన్నారట.

"నా మొకం ఇప్పటికీ సూడలేదు. మా పెరడు సూసి సేసుకున్నాడు," అంటారు ఆయన భార్య బుల్లమ్మ గారు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

ఇదంతా ఆపరేటర్ బెన్హర్‌కి ఇరవయ్యేళ్ళుగా నవ్వులాటే. 2013లో మాత్రం ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. రీలు పెట్టెలు రావడం మానేశాయి. దసరా సినిమా కావాలంటే డిజిటల్ ప్రొజెక్టర్ పెట్టాల్సిందేనని విశాఖపట్నం నుంచి పంపిణీదారు ఫోన్ చేసి చెప్పేశాడు. లేకపోతే హాలు మూతే. కల్యాణమండపం చేసేద్దామని బుల్లమ్మ గారు అప్పుడే వంటశాలకి చోటు చూస్తున్నారు. కల్యాణమండపంలో ఆపరేటరేం చేస్తాడు? బెన్హర్‌కి ముగ్గురు పిల్లలు.

మొదటి కంపెనీ ఆయన టై కట్టుకుని వచ్చాడు. ల్యూమెన్లన్నాడు, కాంట్రాస్టన్నాడు, రిజల్యూషనన్నాడు. మధ్యలో ఒక తెలుగు మాట దొర్లితే సారీ చెప్పాడు. బొమ్మ వేసి, బాల్కనీలో మంచి కుర్చీ తుడిచి చూస్తే, కూర్చోవాల్సిన మనిషి లేడు.

"సార్ ఎక్కడండీ?"

"తెరెనక్కి ఎల్లేరు," అన్నాడు బెన్హర్ తల వంచుకుని.

"తెర వెనక ఏముంటుందండీ?"

"ఏటుంటాది, గోడ."

పది నిమిషాలకి కూర్మారావు గారు బయటికొచ్చి, పంచె దులుపుకుని, "పనికిరాదు. మసక," అన్నారు. ఇంత వెలుగు జిల్లాలోనే లేదని టై ఆయన ఒట్టేశాడు. ఈయన వినలేదు.

రెండో కంపెనీ ఇద్దర్ని పంపింది, ఒకడు మాట్లాడ్డానికి, ఒకడు తలూపడానికి. కూర్మారావు గారు మళ్ళీ తెర వెనక్కి వెళ్ళొచ్చి "దీనికీ అదే రోగం" అన్నారు. రెండోవాడు అలవాటు కొద్దీ తలూపేశాడు.

మూడోవాడు గట్టివాడు. ప్రొజెక్టర్‌తో పాటు కొత్త వెండితెర ఉచితమన్నాడు. దళసరి తెర, వెనక నల్ల పూత.

"ఒక్క చుక్క వెలుగు కూడా వెనక్కి పోదు సార్!"

"ఒక్క సుక్కా పోదా?"

"గ్యారంటీ సార్!"

"అయితే నువ్వు పో."

ఊరికే వస్తున్న తెరని కాలదన్నేశాడని స్టేషను రోడ్డు టీకొట్లన్నీ రెండ్రోజులు నవ్వుకున్నాయి. దసరా పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది. ఈయన వెర్రికి నా పిల్లలు పస్తులుండాలా అని బెన్హర్‌కి ఒళ్ళు మండిపోయింది. నాలుగో కంపెనీ వాళ్ళు బొమ్మ వెయ్యగానే, అసలు అక్కడేం చూస్తున్నాడో తేల్చేద్దామని తనూ ఆయన వెంట తెర వెనక్కి దూరాడు.

కూర్మారావు గారు కటికనేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. పక్కన గున్నమ్మ. ఇంటర్వెల్‌కి బజ్జీలు వేసే గున్నమ్మే, శనగపిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పాత గుడ్డతెరలోంచి ఇవతలికి దిగిన బొమ్మని నోరు తెరుచుకుని చూస్తోంది. హాలు వెనక ఆమె పొయ్యి ఉందని బెన్హర్‌కి తెలుసు. ఆమె సినిమా చూస్తుందని మాత్రం ఈ ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు.

"ఏటే, అగుపిస్తందా?" అన్నారు కూర్మారావు గారు.

"ఇదిగో, ఇప్పుడు అగుపిస్తంది బాబూ! మొన్నటియి పొయ్యి పొగలో సూసినట్టున్నాయి. ఇదైతే ఆయమ్మ కంటికాటుక కూడా తెలస్తంది."

"అయితే దీన్నే ఉంచేస్తాను," అంటూ లేచారాయన. ప్రొజెక్టర్ గురించి అంతకు మించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బెన్హర్ ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"దీనికోసమా బాబూ నా పేణం తీసేరు? గున్నమ్మని ముందు కూకోబెడితే అయిపోను కదా! బెంచీలన్నీ కాళీయే."

"పొయ్యి ఎవుడు సూస్తాడు? ముందు పెట్టి ఏయించుదునా? అది ఎడంసేతి వాటం మనిషిరా. ఎడంసేత్తో ఏసిన బజ్జీ మనోళ్ళు తింటారేటి? అత్తోరింట్లో గరిటె కూడా ముట్టనియ్యలేదు దాన్ని. అందుకే ఎనకాల పొయ్యెట్టించేను. నువ్వు తిన్నావు కదా ఇన్నేళ్ళూ, ఏటైపోనావు?"

బెన్హర్ ఒకసారి పొట్ట తడుముకున్నాడు. ఏమీ కాలేదు, కాస్త పెరిగిందంతే.

"బజ్జీల సంగతి సరే బాబూ. బొమ్మయినా ముందుకొచ్చి సూడొచ్చు కదా? ఎనకనించి అంతా తిరగబడి అగుపిస్తాది. కుడి ఎడమైపోద్ది."

కూర్మారావు గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అదేరా నాకు కావలసింది. అది సదువుకోలేదు, అచ్చరాలతో దానికి పేచీ లేదు. అది సూసిన హీరోలందరూ ఎడంసేత్తోనే తిన్నారు, ఎడంసేత్తోనే తన్నేరు. కలెక్టరు కూడా ఎడంసేత్తోనే సంతకం ఎట్టేడు. 'సూసేవా బాబూ, పెద్దోళ్ళంతా నాలాటోళ్ళే' అని మురిసిపోతాది. ఇప్పుడు దాన్ని ముందుకి తెచ్చి, ఆళ్ళందర్నీ కుడిసేతోళ్ళని సేసెయ్యమంటావేట్రా?"

బెన్హర్‌కి మొదటిసారి ఆయన మీద కోపం బదులు ముద్దొచ్చింది, యజమాని కాబట్టి ఊరుకున్నాడు.

దసరా మొదటి ఆటకి హాలు కిటకిటలాడింది. హీరో మొదటి దెబ్బ కొట్టగానే తెర వెనకనుంచి "అదీ ఎడంసేతి దెబ్బంటే!" అని ఓ కేక వినబడింది. ముందు బెంచీల వాళ్ళు ఉలిక్కిపడి, కూర్మారావు గారు స్పీకర్లు కూడా కొత్తవి పెట్టించారు కాబోలనుకున్నారు.