గీదంలో దిగనివ్వలేదు

బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె, ముందు సీట్లో ఉన్న భర్తతో దారంతా పోట్లాడుతూనే ఉంది. ఆయనకు డెంగీ జ్వరం వచ్చి తగ్గింది కానీ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. పెద్దాసుపత్రికి పొమ్మని ఊళ్లో నర్సమ్మ చెప్పిందట. ఆయన మాత్రం గీదంలో దిగి, చెల్లెలి ఇంట్లో కోడికూర తింటానంటాడు.

"జరం పోయింది గదనే! ఒళ్లునొప్పులకు దుకాణంల గోలీలు గూడ తీసుకున్న."

"నిన్నటి సంది ఒంటికి పోతలేవు గదా?"

"మంచిదేనాయె. బస్సు ఆపమని ఎవన్ని బతిమాలే పని లేదు."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. కొత్తవాళ్లతో మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా అనేశాను.

"అన్నా, అది మంచిది కాదు. డెంగీతో కిడ్నీలు దెబ్బతింటే మూత్రం ఆగిపోతది. ఆ గోలీలు ఇంకా చెడగొడతయి."

"ఏంది, డాక్టరమ్మవా?"

"కాదు, చదివిన."

"చదివిందంట!" అని ఆయన పకపకా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. గీదంలో ఆయన లేవబోతే, రెండు భుజాలూ పట్టి మళ్లీ సీట్లో కూర్చోబెట్టింది.

"కోడిని నేనే కోసి వండుత. ముందు నువ్వు బతుకు!" అని, రెండు టికెట్ల కోసం కండక్టర్‌కు హిందీలో కేకేసింది. "భయ్యా, దో జగదల్‌పూర్!"

జగదల్‌పూర్ దాకా ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు. దిగగానే ఆమె ఆయనను ఆటో ఎక్కించి, తానూ ఎక్కి, ఆసుపత్రికి పొమ్మని ఆటోవాడికి చెప్పింది. ఆ తిట్లన్నీ డైరీలో రాసుకున్నాను. తర్వాత ఆయన ఏమయ్యాడో తెలియదు. ఇంకా ఎక్కడో, ఎవరినో అలాగే తిడుతూ ఉండాలని మాత్రం కోరుకుంటాను.