పిన్ని అన్న మాట

మా ప్రెస్సులో టైపు చేసే ఆవిడని దీర్ఘాలక్క అనేవాళ్లం. ఎవరి రాతలోనైనా ఒక్క దీర్ఘం తప్పిపోతే చాలు, తన సొమ్మేదో పోయినట్టు గోల చేసేది. పక్క గదిలో పుస్తకాలు కుట్టి అట్టలు అంటించేదాన్ని నేను. ఆ గోలంతా గోడవతల నుంచి వింటూ నవ్వుకునేదాన్ని.

ఆమె పెళ్లాడిన మనిషికి అప్పటికే తల్లి లేని ఒక కూతురుంది. ఆయన పోయాక ఇంట్లో వాళ్లిద్దరే మిగిలారు. పిల్ల ఆమెని పిన్నీ అనేది, చనువుగా కసురుకునేది కూడా. పదో తరగతి కాగానే మేనమామ తన ఇంటికి తీసుకెళ్లి చదివిస్తానన్నాడు. "నీ ఇష్టం, ఆలోచించుకో" అంది ఈమె. ఉండిపోవే అనడానికి నోరు రాలేదు. తిట్టడానికైతే ఎంత నోరో! కన్నది తను కాదు కాబట్టి అడిగే హక్కు లేదనుకుంది, పిచ్చిది.

అడగలేక నవల రాసింది, పిల్ల ఈడు వాళ్లు చదివేలా. కరువులో పిల్లల్ని అడవిలో వదిలి రమ్మని మొగుణ్ణి పోరే సవతి తల్లి కథ అందరికీ తెలిసిందే. ఈమె కథలో ఆ తండ్రే వదిలొచ్చి ముసుగుతన్ని పడుకుంటాడు. పిన్ని ఒక్కతే అడవంతా తిరిగి వాళ్లని వెతుకుతుంది. భోజనాల వేళ నాకు చదివి వినిపించేది. ఏడిపించి చంపింది నన్ను.

ప్రెస్సు యజమాని అచ్చు వేస్తానన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"పిన్ని అంటే అమ్మ చెల్లెలనుకుంటారమ్మా. సవతి తల్లి అని మార్చెయ్. అప్పుడే ఏ కథో తెలుస్తుంది."

ఆమె గొణుక్కుంటూనే, పిన్ని అని ఉన్న ప్రతిచోటా సవతి తల్లి అని పెట్టమని కంప్యూటరుకి చెప్పింది. అది రెప్పపాటులో పెట్టేసింది. కథంతా మళ్లీ సరిచూసుకుంది. అంకితం పేజీ మాత్రం చూడలేదు. తను రాసుకున్న ఒక్క వాక్యమే కదా!

"నన్ను పిన్ని అని పిలిచే నా బంగారానికి" అని రాసింది. "నన్ను సవతి తల్లి అని పిలిచే నా బంగారానికి" అని అచ్చయింది. పిలుపులో ఉన్నట్టే పిన్నీ అని దీర్ఘం పెట్టి ఉంటే కంప్యూటరు దాన్ని ముట్టుకునేదే కాదు.

మేనమామ రేపు వస్తాడనగా పిల్లని ప్రెస్సుకి పిలిచి తొలి కాపీ చేతిలో పెట్టింది. పిల్ల నా బల్ల పక్కనే నిలబడి తెరిచింది. అంకితం దగ్గరే ఆగిపోయింది.

"నేనెప్పుడు పిలిచాను నిన్నలా?"

ఈమె వంగి చూసింది.

"అయ్యో, అది కంప్యూటరు మార్చేసిందే! నేను పిన్ని అనే రాశాను. కావాలంటే ఈ అక్కనడుగు."

నేనూ చెప్పాను. ఒకరి మాట మీద ఒకరం పడి చెప్పాం. ఎంత చెబితే అంత అబద్ధంలా వినబడింది.

"ఎవరిదో దీర్ఘం పోతే ఊరంతా ఏకం చేస్తావు. నా గురించి రాసింది ఒక్క ముక్క, అది చూసుకోలేదా?" అంది పిల్ల. "ఉండమంటావేమోనని చూస్తున్నా ఇన్నాళ్లూ. నీ మనసులో ఉన్నది ఇదా?"

అప్పుడైనా అనొచ్చు కదా ఉండమని! నేను మోచేత్తో పొడిచాను కూడా.

"లోపల కథ చదువు, నీకే తెలుస్తుంది" అంది మహాతల్లి.

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు బస్సు దగ్గరికి నేనూ వెళ్లాను. మేనమామ ముందు నడుస్తున్నాడు. ఈమె పెట్టె అందుకోబోయింది.

"వద్దండీ, మీకెందుకు శ్రమ" అంది పిల్ల.