నడుముకు కట్టిన ఓడచక్రం

నీళ్లంటే నాకు చచ్చేంత భయం. బకెట్టు నీళ్లు చూసినా దండం పెడతావని మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ. కృష్ణ నడిమధ్యలో, నడుముకు ఇనుము కట్టుకున్న తండ్రి ఎదురుగా వాళ్లెప్పుడూ కూర్చోలేదు.

అప్పటికి నా పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. నిజాం కాలం. మాది గద్వాలలో మగ్గాల ఇల్లు, అత్తవారిది వనపర్తి. ఆషాఢమని పుట్టింట్లో ఉండి, శ్రావణం రాగానే తిరుగు ప్రయాణం కట్టాను. నాయిన దిగబెట్టడానికి వస్తున్నాడని తెలిసి బడిపంతులు ఒక పెట్టె మోయించుకొచ్చాడు. వనపర్తి బడిలో పిల్లలకు చూపించాలట, ఎటూ పోతున్నారు కదా, జర అందజేయమన్నాడు. పోతూ పోతూ, ఇది కోటలోంచి బడికి వచ్చిన వస్తువు, పైలం, జాగ్రత్త అని కూడా అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే ఎంత బాగుండేదో!

పెట్టెలో ఉన్నది ఆవిరి ఓడ నమూనా. చిన్న ఇనుప దోనె, దానికి రెండు పక్కలా రెండు చక్రాలు, చక్రాల చుట్టూ చెక్క రెక్కలు, తిప్పడానికి ఒక ఇత్తడి పిడి. ఆవిరి బలంతో ఆ చక్రాలు తిరిగితే తెడ్డు వేయకుండానే ఓడ పోతుందని పిల్లలకు చెప్పడానికి వెనకటి రోజుల్లో ఎవరో తెప్పించారట. పంతులు మా ఇంట్లో రంగులు కలిపే గంగాళంలో నీళ్లు పోయించి, దోనెను దించి, పిడి తిప్పి చూపించాడు. రెక్కలు నీళ్లను వెనక్కి తన్నాయి, దోనె ముందుకు జరిగి గంగాళం అంచుకు తగిలింది. అచ్చం నూలు చుట్టే రాట్నమే అని నాయిన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

పంతులు వెళ్లిపోయాక ఆ మురిపెం కాస్తా ఆవిరైపోయింది. కోట సొమ్ము అన్న మాట నాయినను పట్టుకుంది. ఒక రెక్క విరిగితే? పిడి ఊడితే? అన్నం కంచం ముందు కూర్చున్నా చూపంతా పెట్టె మీదే. రైల్లో పోదాం నాయినా అంటే, రైల్లో ఎవడైనా ఎత్తుకుపోతాడన్నాడు. చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది గానీ ఆయన వింటేనా! ఏటి దారినే బయలుదేరాం.

రేవుకు చేరేసరికి కృష్ణ ఎర్రగా ఉంది. మరీ పెద్ద వరద కాదు, దాటొచ్చని పుట్టి నడిపే ఆయన చెప్పాడు. పుట్టి అంటే తెలుసుగా, వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి బుట్ట. దానికి ముందూ వెనకా లేవు, తిరుగుతూ పోతుంది. నేను ఏటికి పసుపు కుంకుమ వేసి, కళ్లు మూసుకుని దండం పెట్టి తెరిచేసరికి, నాయిన మగ్గం తాడుతో ఆ పెట్టెను తన నడుముకు కట్టుకుంటున్నాడు. పోగు తెగితే అతకడానికి మావాళ్లు వేసే ముడే వేశాడు. లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప జారదు. ఆ ముడికి మా వాడలో ఆయన పెట్టింది పేరు. ఏదైనా పోగొట్టుకోకూడదంటే ముడి వేయాలి, అంతే ఆయనకు తెలిసింది. పెట్టె మునిగితే తనను కూడా లాక్కుపోతుందని ఆయనకు తట్టలేదు. నాకు మాత్రం ఎక్కడ తట్టింది, నడి ఏట్లోకి పోయేదాకా!

నడి ఏట్లో పుట్టి ఏదో రాతిగుండుకు ఒరుసుకుంది. చర్రుమని చప్పుడు. నా కాళ్ల కింద చల్లగా తగిలింది. చూస్తే తోలు చిరిగి నీళ్లు వస్తున్నాయి. పుట్టి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి గద్వాల ఒడ్డు, ఒకసారి అవతలి ఒడ్డు. నాయిన కూర్చున్న వైపు బరువుకు ఒరిగిపోతోంది, అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు కూడా లేదు.

పుట్టి ఆయన తెడ్డు వదలకుండానే అన్నాడు, "అన్నా, పెట్టె ఇడిసిపెట్టు. అదుంటే ఒడ్డు చేరం."

నాయిన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు చూశాను ఆ తాడును. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పుట్టి బోల్తా పడితే నేను ఏ వెదురునో పట్టుకుని తేలుతానేమో, ఈయన మాత్రం రాయిలా అడుక్కు పోతాడు. పాకుతూ పోయి ముడి మీద పడ్డాను. తడిసి ఎముకలా బిగిసింది. గోళ్లు విరిగాయి గానీ అది కదల్లేదు. కత్తి ఉందా అంటే పుట్టి ఆయన దగ్గర లేదు. ఇక పళ్లతో పట్టాను. నూలు పళ్లతో తెంపడం మా ఇళ్ల ఆడవాళ్లకు అలవాటే, కానీ అది పోగు కాదు, గంజి పట్టిన తాడు. నోట్లో గంజి, బురద నీళ్లు, నెత్తురు. ఏడుస్తూనే కొరికాను. ఒక్కో పేట తెగుతుంటే కృష్ణమ్మకు మొక్కుకున్నాను, తిట్టుకున్నాను కూడా.

చివరికి తాడు తెగింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, నాయిన రెండు చేతులతో పెట్టెను కావలించుకున్నాడు.

"ఇడిసిపెట్టు నాయినా."

"ఏరు మింగితే మింగనీ బిడ్డా. కోటోళ్లు అడిగితే ఏం జెప్పాలె?"

ఆ మాటకు నాకు నీళ్ల కంటే ఆయనంటేనే ఎక్కువ భయం వేసింది. ఆ కళ్లు నన్ను చూడటం లేదు. లాక్కోబోతే పెనుగులాటలో పుట్టి తిరగబడుతుంది. ఏం చేయను? ఆయన పంచె కొంగు నా చేతికి చుట్టుకుని, రెండో చేత్తో చెంబు పట్టి నీళ్లు తోడిపోశాను. పుట్టి నడిపే ఆ మహానుభావుడు తెడ్డేసి తెడ్డేసి, రేవుకు చాలా దిగువన మమ్మల్ని ఒడ్డెక్కించాడు. ఒడ్డున కూడా నాయిన పెట్టె దించలేదు.

బండి మాట్లాడుకుని వనపర్తి చేరి, అత్తవారింటికైనా పోకుండా ముందు బడికే పోయాం. అక్కడి పంతులు కుర్రవాడు, నవ్వు మొహం. పెట్టె తెరిచి, నీళ్లు వొంపేసి, పిడి తిప్పాడు. చక్రాలు చక్కగా తిరిగాయి. మేం తడిసిన తీరు చూసి ఏమైందని అడిగితే నేనే చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, ఏట్ల పారేస్తే అయిపోతుండె గద పెద్దాయనా. పాత సామాను. ఎవ్వరడుగుతరు?"

 నాయిన బయటికొచ్చి బడి అరుగు మీద కూర్చున్నాడు. లోపల పిల్లలు పిడి తిప్పుతున్నట్టున్నారు, నీళ్ల చప్పుడు, కేరింతలు వినబడుతున్నాయి. ఆయన నా పెదవుల మీద ఎండిన నెత్తురు వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు ఆయన ఒళ్లంతా వణకడం మొదలైంది. ఏట్లో ఒక్కసారైనా వణకని మనిషి.

"నువ్వు గూడ పుట్టిల ఉన్నవు గద బిడ్డా," అన్నాడు. "గా సంగతే నాకు యాదికి రాలే."